బంపర్ దించి చూసేదాకా బేరం ఆడబాక

అబయా,

నువ్వు పంపిన ఫోటోలు చూశా. మీ పిన్ని కూడా చూసి "ఇంతేనా, గీత పడింది గదా" అనింది, నేనైతే ఆ మాట అనలా. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కాడ నిదానంగా పోతా ముందు కారుకి ఆనించావు, 20 స్పీడు కూడా లేదంటుండావు, సరే, ఎవురికీ దెబ్బ తగల్లా, అది చాలు. ఆ కారాయనతో నడిరోడ్డు మీద గొంతు చించుకోకుండా బండి పక్కకి తీసి మాట్లాడుకున్నావు చూడు, బాగా చేశావు, మీ నాయనైతే ఇప్పటికీ ఆడనే వాదిస్తా ఉండేవోడు.

ఇప్పుడు అసలు సంగతి. షెడ్డాయన 3,000 చాలన్నాడు, షోరూమ్ వాళ్ళు 14,000 రాసిచ్చారు, ఎవుర్ని నమ్మాలి బాబాయ్ అని అడిగావు. బంపర్ దించి చూసేదాకా ఇద్దర్నీ నమ్మబాక. బయట కనపడేది ఉత్త ప్లాస్టిక్ తొడుగు, అది లోపలికి పోయి మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తది, ఏం కానట్టే ఉంటది. దాని ఎనక ఇనప బద్దె, ఆ ఎనక ఏసీ గ్యాస్ చల్లార్చే కండెన్సరు, దాని ఎనక ఇంజన్ వేడి దించే రేడియేటరు. దెబ్బ యాడదాకా పోయిందో బయట నిలబడి ఎవురు చెప్తారు?

నాకెట్టా తెలుసంటావా, నా పాత కారు కావలిలో ఇట్టాగే ఒక ఆటో ఎనక తగిలింది. ఒక షెడ్డులో హీట్ గన్ పెట్టి నెట్టి సాయంత్రానికల్లా నున్నగా చేసిచ్చారు, నేనూ తక్కువలో పోయిందిలే అని సంబరపడ్డా. మే నెల వచ్చి ఏసీ వేస్తే వేడిగాలి. గ్యాస్ కొట్టించా, పది రోజులకి మళ్ళీ అదే కత. ఇంకో మెకానిక్ బంపర్ దించి టార్చి వేసి చూపించాడు, కండెన్సరు కింద మూల అరచెయ్యంత జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టుకోని ఉండాది. గ్యాస్‌తో పాటు లోపలి ఆయిల్ కూడా కారద్దంట, దుమ్ము పట్టుకునేది దానికే. రెండుసార్లు గ్యాస్ డబ్బులు, కొత్త కండెన్సరు, పైగా ఎండల్లో చెమట.

అందుకని దించేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఆ జిడ్డు మరక వెతుకు, కూలెంట్, అదే రేడియేటరులో పోసే నీళ్ళ తడి ఉందేమో చూడు, ఇనప బద్దె వంగిందా, హెడ్‌లైట్ బిగించే చెవులు విరిగినాయా చూడు. చెవి విరిగితే లైటు వెలుగుతానే ఉంటది, పగలు తెలవదు, రాత్రి హైవే ఎక్కితే వెలుగు గంతులేస్తది. బానెట్ రెండు పక్కల సందులో వేలు పెట్టి చూడు, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ ఉంటే లోపల ఏదో జరిగినట్టే.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యాల్నా అంటే, లెక్క వేసుకో. నీకు బంపర్ టు బంపర్, అంటే సామాను పాతబడిందని డబ్బు కొయ్యని పాలసీ, లేదన్నావు. ఆ 14,000లో ప్లాస్టిక్ సామాను 8,000 అనుకో, దాంట్లో సగం కోస్తారు, 4,000 పాయె. పెయింటు 4,000 అయితే దాంట్లో పావు వంతు మెటీరియల్ కింద లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 500. 1500 సీసీ లోపల కారుకి ఇంకో 1,000 నీ చేతినుంచే. లేబర్ 2,000 మొత్తం ఇస్తారనుకుంటే నీకొచ్చేది 8,500. ఇప్పుడు రెండో పక్క చూడు. ఈ ఏడు నీకు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గింపు, 25 శాతం, ఊరుకుంటే వచ్చే ఏడు 35, తర్వాత 45, ఆ తర్వాత 50. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా, మళ్ళీ 20, 25. ఆ తగ్గింపు ఇచ్చేది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద, అంటే మన బండి దెబ్బలకి కట్టే భాగం మీద, అది 10,000 అనుకుంటే మూడేళ్ళలో పోయేది 3,500, 2,500, 2,500, అంటే అదీ 8,500. చెల్లుకి చెల్లు! ఊరికే తిరుగుడు తప్ప మిగిలేదేం లేదు. అదే కండెన్సరు, రేడియేటరు కూడా పోయుంటే క్లెయిమే మేలు. చూశావా, మళ్ళీ బంపర్ దించే కాడికే వచ్చింది కత. దించకముందు నాలుగు పక్కల ఫోటోలు తీసి పెట్టుకో, విప్పి చూడ్డం వేరు రిపేరు మొదలెట్టడం వేరు, క్లెయిమ్ ఉద్దేశం ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా ఏదీ మార్చనీబాక, కంపెనీకి చెప్పడం మాత్రం వారాల తరబడి నానబెట్టబాక. నడిపింది ఎవురో వాళ్ళ పేరే రాయి, లైసెన్సు అడుగుతారు, మీ తమ్ముడు నడిపుంటే ఇప్పుడే చెప్పు నాకు.

సొంత డబ్బులే అనుకుంటే షెడ్డే మేలు, కాకపోతే పెయింటు కాడ కాపలా ఉండాల. డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో స్టిక్కర్ ఉంటది, కలర్ కోడ్ దాని మీద చూసి కలపమను, కంటితో చూసి కలిపితే ఎండలో తేడా కొడతది. బంపర్‌కి ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకుండా రంగేస్తే ఆర్నెల్లకి పెచ్చులు లేస్తది. లప్పం మందంగా పెట్టనీబాక, ఇంకెవురైనా తాకితే పగులుద్ది. ఫెండర్ ఇనపదే గదా, దానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి ఆనించి చూడు, ఒకచోట పట్టుకోని ఇంకోచోట జారిపోతే కింద లప్పం దండిగా ఉన్నట్టే. మార్చిన పాత సామాను అడిగి డిక్కీలో వేయించుకో, మార్చారో లేదో అప్పుడే తెలస్తది.

డెలివరీకి పొద్దున పో, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులూ ఒకటే. ఏసీ వేసి పావుగంట తిప్పు, ఆ తర్వాతే డబ్బులియ్యి. బంపర్ దించే రోజు వీడియో కాల్ చెయ్యి, నేను ఇంట్లోనే ఉంటా.

మీ బాబాయ్