మరచెంబు కథ రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మీ ముత్తాతగారు బర్మా నుంచి వెనక్కి తెచ్చిన ఇత్తడి మరచెంబును ఆధారం చేసుకుని నాలుగు తరాల సంగతి చెప్పాలనుకోవడం మంచి ఆలోచనే గాని, మొదటి పేజీ దాటకముందే దాన్ని ‘మన సంస్కృతికి ప్రతీక’ చేసేశావు. ఆ మాట పడ్డాక నాకు చెంబు కనిపించలేదు. పత్రికలవాళ్లు ఇలాంటివి ఇష్టంగానే వేసుకుంటారు, అది వేరే సంగతి.

ఎంత చింతపండు పెట్టి తోమినా మెడలోని మరల సందున చిలుము మిగిలిపోతుందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కథ మొత్తంలో నేను నమ్మింది ఆ వాక్యాన్నే. మూత బిగిస్తే నీళ్లు తొణకవు కాబట్టే మరచెంబును ప్రయాణాలకు పట్టుకెళ్లేవారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సైన్యం చేతికి చిక్కినప్పుడు, ఓడ దొరకని మనవాళ్లు అరకాన్ కొండల మీదుగానో, తమూ దారిన ఇంఫాల్ వైపుకో కాలినడకన బయలుదేరారు. కలరాతో, ఆకలితో దారిలోనే ఎందరో పోయారు. ఆ నడకలో చెంబు ఎవరి చేతిలో ఉంది, అందులో నీళ్లు ముందుగా ఎవరికి పోశారు అన్నది నీ కథలో లేదు.

చెంబు అంచు కింద చుక్కలతో కొట్టించిన పేరు మీ తాతమ్మదని నువ్వే రాశావు. అంటే అది ఆవిడకు పుట్టింటివారు సారెలో పెట్టినదై ఉండాలి. గోపాలపురం రేవులో ఓడెక్కిన నాడే ఆవిడ వెంట వెళ్లి ఉండాలి. అయినా ఇంటిల్లిపాదీ దాన్ని ‘తాతగారి చెంబు’ అనే ఎందుకంటున్నారో చూడు, అసలు కథ అక్కడుందని నా అనుమానం.

వాళ్లు ఓడెక్కేనాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, బరంపురం అందులోకి వెళ్లింది కనుక, బర్మాలో కోరంగీలనిపించుకుని (తెలుగువాళ్లను అక్కడ అలా పిలిచేవారు) తిరిగొచ్చినవాళ్లు సొంత ఊళ్లోనే మళ్లీ పరభాషవాళ్ల లెక్కలోకి చేరారు. మీ నాన్నగారు ఒడియా బడిలో చదువుకున్నందువల్ల ఆ చుక్కల అక్షరాలు చదవలేరన్న ముక్కను చివర్లో ఇరికించావు. దాన్ని నడిమికి తీసుకురా.

ప్రతీక అన్న మాటను, ఆఖరి పేరాలోని కన్నీళ్లను కొట్టివేసి, పర్లాకిమిడిలో ఉన్న మీ మామ్మను ఆ సారె సంగతి అడిగిన తరువాతే రెండో ప్రతి మొదలుపెట్టు. ఆవిడ కాదంటే నా ఊహను వదిలేసి, ఆవిడ చెప్పిందే రాయి.