యూమాలో చలికాలం గడపబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శీనుకి, మావయ్య ఆశీస్సులు.

బండి వెనక తగిలించుకుని వెళ్ళే ఇల్లు లాంటి పాత ట్రైలర్ ఒకటి కొన్నావట, ఈ చలికాలం మినియాపొలిస్ మంచు ఎత్తిపోసుకునే పని లేకుండా అరిజోనా ఎడారిలోని యూమాలో గడుపుతావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నువ్వు ఆరేళ్ళు ఉన్నావుగా, వాడికి నాలుగు ముక్కలు రాయరా" అని పురమాయించింది కూడా. సరే, విను.

ముందుగా, ట్రైలర్ నిలుపుకునే పార్కుకి నెల అద్దె ఒకేసారి కట్టెయ్యకు. రోజు లెక్కన చూస్తే నెల అద్దె బాగా తక్కువ పడుతుంది, నిజమే. అయినా మొదటి ఏడు రోజులూ వారపు రేటుకే ఉండు. చవక పార్కు చవకవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది, అది పగటిపూట ఆఫీసు గదిలో నిలబడితే కనపడదు. యూమాలో రైలు పట్టాల పక్కనైతే అర్ధరాత్రి గూడ్సు బండి కూత వేస్తుంది. మెరైన్ సైనికుల విమానాశ్రయం వైపైతే పగలంతా యుద్ధవిమానాలు నెత్తిమీదే. లెట్యూస్ ఆకుకూర పొలాల పక్కనైతే దుమ్మూ, ఎరువు కంపూ. మాకు గూడ్సు బండి అలవాటైపోయింది, విమానాలు మాత్రం మీ అత్తయ్య వల్ల కాలేదు. నీకేది పడుతుందో వారంలో తేలిపోతుంది.

పార్కుకి ఫోన్ చేసినప్పుడు రెండు అడుగు. చాలా పార్కులు 55 దాటినవాళ్ళకే, నీకింకా 51. రెండోది, పదేళ్ళు దాటిన బండిని కొందరు రానివ్వరు. నీది పద్నాలుగేళ్ళదని విన్నాను. శుభ్రంగా కడిగి, నాలుగు వైపులా ఫొటోలు తీసి ముందే పంపితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

నెల అద్దెలో సాధారణంగా కరెంటు ఉండదు, మీటరు చూసి విడిగా వసూలు చేస్తారు. దిగిన రోజునే మీటరు ఫొటో తీసి పెట్టుకో. నీ ట్రైలర్ 30 ఆంప్సుదైతే మొత్తం 3600 వాట్లే. ఏసీకి దాదాపు 1500, ఇండక్షన్ పొయ్యికి 1800. ఆ రెండూ నడుస్తుండగా అమ్మాయి మైక్రోవేవ్ నొక్కిందా, బ్రేకర్ పడిపోతుంది. కుక్కర్ గ్యాసు మీదే పెట్టుకోండి. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి బండిని కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ కొనడానికి వెనకాడకు, వోల్టేజి మరీ పడిపోతే కరెంటు కట్ చేసే రకం తీసుకో. పాత పార్కుల్లో సాయంత్రం అందరూ ఏసీలు వేస్తే వోల్టేజి దిగుతుంది, ముందు పోయేది ఏసీ కంప్రెసరే. కరెంటు స్తంభం దగ్గర ప్లగ్గు రంధ్రాలు నల్లగా మాడి ఉంటే ఆ సైటు వద్దని చెప్పి ఇంకోటి అడుగు. నీళ్ళ పైపుకి ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా కుళాయి తిప్పకు.

ఇక మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం. ఇంట్లో డ్రైనేజీ లాంటిదే కదా అనుకుని గొట్టం తగిలించి, టాయిలెట్‌ది పడే బ్లాక్ ట్యాంకు, సింకు నీళ్ళు, స్నానం నీళ్ళు పడే గ్రే ట్యాంకు, ఈ రెంటి వాల్వులూ బార్లా తెరిచి వదిలేశాను. పది రోజుల్లో నీళ్ళన్నీ పోయి, బ్లాక్ ట్యాంకులో గట్టిది పుట్టలా పేరుకుంది. మధ్యాహ్నం ఎండకి ఆ కంపు ఎలా లేచిందంటే మీ అత్తయ్య కుర్చీ బయట వేసుకుని లోపలికి రానంది. పక్క సైటులో కెనడా నుంచి వచ్చిన ముసలాయన వంగి గొట్టం చూసి, ఏమీ అనకుండా వాల్వు మూసి, టాయిలెట్లోకి బకెట్ల కొద్దీ నీళ్ళు పోయించాడు. మూడు రోజులు నానబెట్టి వదిలితే గానీ పుట్ట కరగలేదు. కాబట్టి బ్లాక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉంచు. మూడింట రెండొంతులు నిండాక వదులు. ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడు సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుగుతాయి. మనవాళ్ళకి మగ్గు వాడే అలవాటు ఉంది చూశావా, ఇక్కడ అది బాగా కలిసొస్తుంది. తిరగమోత నూనె మాత్రం సింకులో పొయ్యొద్దు. గిన్నె కాగితంతో తుడిచి, అప్పుడు కడగాలి.

ఎండుమిరపకాయలు వేయించేది ఉంటే బయట గ్యాసుపొయ్యి మీద, గాలి ఎటు వీస్తోందో చూసుకుని. బండ్ల మధ్య దూరం మన ఊళ్ళో సందు కంటే ఎక్కువేం ఉండదు. మేం ఒకసారి పక్కవాళ్ళందరినీ దగ్గించి, మర్నాడు పులిహోర పంచి సర్దుకున్నాం.

కరివేపాకు మొక్క మాత్రం వెంట తేవద్దు. మీ అత్తయ్య కుండీని ప్రాణంలా చూసుకునేది. శాన్ డియేగో వెళ్తుంటే కాలిఫోర్నియా సరిహద్దు తనిఖీలో ఆపి తీసేసుకున్నారు. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుందట. వాళ్ళ తప్పేం లేదు, కానీ ఆవిడ శాన్ డియేగో దాకా మాట్లాడలేదు. కందిపప్పు, చింతపండు ఫీనిక్స్‌లోనే సరిపడా కొనుక్కో, అక్కడినుంచి యూమా మూడు గంటలు.

ఎడారి కదా అని దుప్పట్లు మానేయకండి, జనవరిలో తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ట్రైలర్ పక్కన నీడకి పరిచే గుడ్డ పందిరి, అదే ఆనింగ్, తెరిచి ఊళ్ళోకి వెళ్ళొద్దు, గాలి ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. పళ్ళ పని చవగ్గా చేయించుకోవడానికి అందరూ సరిహద్దు దాటి మెక్సికోలోని లోస్ ఆల్గొదోనెస్ ఊరికి నడిచి వెళ్తారు. వెళ్తే పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం వెనక్కి వచ్చే లైను చాంతాడంత ఉంటుంది. పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ రెండూ జేబులో ఉండాలి.

పార్కు అద్దె కూడా బరువనిపిస్తే క్వార్ట్‌సైట్ ఊరి దగ్గర లా పోసాలో ప్రభుత్వ భూమి ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేం వెళ్ళిన ఏడు 180 డాలర్లు తీసుకున్నారు. నీళ్ళు పట్టుకోవడానికీ, ట్యాంకులు ఖాళీ చేయడానికీ చోటుంది, కరెంటు మాత్రం నువ్వే చూసుకోవాలి. సోలార్ పలకలు లేకుండా మొదటి ఏడే అక్కడికి పోకు.

జనవరిలో మేమూ క్వార్ట్‌సైట్ రంగురాళ్ళ సంతకి వస్తాం. వస్తూ నా దగ్గరున్న రెండో సీవర్ గొట్టం, అదే ట్యాంకులు ఖాళీ చేసేది, తెస్తాను, అది కొనకు. కుక్కర్ గాస్కెట్ మాత్రం నువ్వే ఒకటి అదనంగా తెచ్చుకో.

మీ మావయ్య