జర్మనీ చదువు గురించి పిన్ని ఉత్తరం

బెంగళూరు

అమ్ములూ,

కన్సల్టెన్సీకి డబ్బు కట్టకుండా ఒక్క వారం ఆగమని మీ అమ్మకి చెప్పాను. "అంతా వాళ్ళే చూసుకుంటారట, పిల్లకి ప్రాజెక్టు టెన్షనే సరిపోతోంది" అంది అక్క. అంతా వాళ్ళే చూసుకోవడం అన్నదే నాకు నచ్చలేదు. నువ్వు మాస్టర్స్‌కి జర్మనీ వెళ్తానంటే నాకు సంతోషమే. డ్రెస్డెన్‌లో చదివొచ్చినదాన్ని, నేనెందుకు వద్దంటాను? కానీ అక్కడ ఎవరి పని వాళ్ళే చూసుకోవాలి. గది, ఇన్సూరెన్సు, పరీక్షకి పేరు ఇవ్వడం, వీసా పొడిగింపు, అన్నీ. ఏ తేదీ దాటిపోయినా ఎవరూ ఫోన్ చేసి గుర్తుచెయ్యరు. అప్లికేషన్ పని ఆ అలవాటుకి మొదటి మెట్టు. దాన్ని వేరేవాళ్ళ చేతిలో పెడితే అక్కడికి వెళ్ళాక ఒక్కసారిగా అన్నీ నెత్తిన పడతాయి.

కన్సల్టెన్సీలన్నీ మోసమని అనను. కాకపోతే వాళ్ళ లెక్క వాళ్ళది. "మా సర్వీసు ఫ్రీ" అనేవాళ్ళకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించు. ఫీజులు వసూలు చేసే ప్రైవేటు యూనివర్సిటీలు పిల్లని చేర్పించినందుకు కమిషన్ ఇస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీలు పైసా ఇవ్వవు. అందుకే నువ్వు ప్రభుత్వ యూనివర్సిటీ అడిగితే "మీ ప్రొఫైలుకి కష్టం" అని, బెర్లిన్‌లో ఏదో ప్రైవేటు కాలేజీ బ్రోషరు ముందు పెడతారు. డి.ఎ.ఎ.డి. అనే జర్మన్ విద్యా మార్పిడి సంస్థ వెబ్‌సైటులో ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులన్నీ ఉంటాయి. ప్రతిదానికీ ట్యూషన్ ఫీజు ఎంతో రాసి ఉంటుంది. ఒక రాత్రి కూర్చుంటే నీకే తెలుస్తుంది.

"జర్మనీలో చదువు ఫ్రీ" అన్నమాట కూడా పూర్తిగా నమ్మకు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకి కొంత చందా కడితే చాలు. కానీ స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్ళు సెమిస్టరుకి 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం సెమిస్టరు నుంచి కొత్తగా చేరే మనవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటోంది. బావగారికి ఈ రెండూ ముందే చెప్పు. ఆయన మనసులో మ్యూనిక్ తప్ప ఇంకో ఊరు లేదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ర్యాంకు కన్నా ముందు మాడ్యూల్ హ్యాండ్‌బుక్ చూడు. ప్రతి కోర్సుకీ ఒకటి ఉంటుంది. ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లు, పరీక్ష రాతదా మౌఖికమా, ముందుగా ఏం తెలిసి ఉండాలి, అంతా అందులోనే. చేరడానికి కావలసిన అర్హతల కాగితం వేరే ఉంటుంది. గణితంలో ఇన్ని క్రెడిట్లు, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని క్రెడిట్లు చదివి ఉండాలని అందులో రాస్తారు. నీ బీఈ సిలబస్‌ని దాని పక్కన పెట్టి సరిచూస్తారు. తొమ్మిది సీజీపీఏ ఉన్నా సబ్జెక్టులు కలవకపోతే తిప్పి పంపుతారు. ఈసీఈ చదివి, డేటా సైన్స్‌కి గిరాకీ ఉందని దానికే పది చోట్ల అప్లై చేసి, పది చోట్లా కాదనిపించుకున్న పిల్లలు మా ఆఫీసులోనే ఉన్నారు. నీకు ఎంబెడెడ్ సిస్టమ్స్ ఇష్టమన్నావు కదా, అటే చూడు. పేరులో హోహ్‌షూలె (అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ) అని ఉంటే తక్కువ రకం కాలేజీ అనుకోవద్దు. అక్కడ పరిశోధన తక్కువ, కంపెనీ పని ఎక్కువ నేర్పిస్తారు. పీహెచ్‌డీ ఆలోచన లేకపోతే నీకు అదే మేలు అంటాను. పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి పేరు బాగుండదంతే.

మార్కుల లెక్క అక్కడ తలకిందులు. 1.0 అంటే అందరికన్నా పైన, 4.0 అంటే బొటాబొటి పాస్. మన సీజీపీఏని మార్చడానికి ఒక సూత్రం వాడతారు. గరిష్ఠం పదిలోంచి నీ సీజీపీఏ తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాసుకీ మధ్య ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పాస్ 5 అనుకుంటే, నీకు 8 ఉంటే 2.2 వస్తుంది. 7.5 అయితే సరిగ్గా 2.5. చాలా కోర్సులు గీత గీసేది ఈ 2.5 దగ్గరే. నీ 7.8 ఫర్వాలేదు, కానీ చివరి సెమిస్టరుని గాలికొదిలెయ్యకు.

కాగితాల్లో అన్నిటికన్నా ముందు ఏపీఎస్ సర్టిఫికెట్. నీ మార్కు లిస్టులు నిజమైనవేనని పరిశీలించి ఇచ్చేది. మన దేశం విద్యార్థులకి 2022 నవంబరు నుంచి తప్పనిసరి చేశారు. ఫీజు 18,000 రూపాయలు, చేతికి రావడానికి వారాలు పడుతుంది. అది లేనిదే వీసా సంగతి కదలదు. చెన్నై గిండీలో అన్నా యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు కూడా ఇప్పుడే అడుగు. నాలుగైదు సీల్డ్ కవర్లు ఎక్కువే తీసుకో. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకి జులై 15 చివరి తేదీ అని అందరూ చెబుతారు గానీ, మనలాంటివాళ్ళకి మార్చిలోనో మేలోనో ముగించే కోర్సులు బోలెడు. అప్లికేషన్లు సరిచూసి యూనివర్సిటీలకి పంపే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా పంపితే మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. కాబట్టి ఇరవై చోట్లకి విసిరెయ్యకుండా, చదివి, ఆరో ఏడో ఎంచుకో. ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, నువ్వే రాయి. "చిన్నప్పటి నుంచి ఎలక్ట్రానిక్స్ అంటే ఆసక్తి" అని మొదలుపెట్టకు. నీ ప్రాజెక్టులో ఏ బోర్డు వాడావో, ఎక్కడ ఆగిపోయావో, ఎలా సరిచేశావో రాస్తే చాలు.

వీసా తిరస్కరిస్తే ఉచితంగా అభ్యంతరం రాసుకునే పద్ధతి ఒకటి ఉండేది. 2025 జులై నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి అప్లై చెయ్యాలి, లేదా అక్కడి కోర్టుకెక్కాలి. అందుకని మొదటిసారే కాగితాలు సరిగ్గా ఉండాలి.

ఇక డబ్బు. వీసా కోసం తెరిచే బ్లాక్డ్ అకౌంట్‌ని బావగారు ఫీజు అనుకుంటున్నారు. అది నీ డబ్బే. ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందుగా వేస్తే, అక్కడికెళ్ళాక నెలకి 992 చొప్పున నీకే వదులుతారు. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. మన ఇళ్ళలో అందరూ ఆగిపోయేది ఇక్కడే. మొదటి ఏడాది డబ్బు పోగుచేసి హమ్మయ్య అనుకుంటారు. కోర్సు రెండేళ్ళు. నాలుగు సెమిస్టర్లలో ముగించనివాళ్ళే ఎక్కువ, కాబట్టి రెండున్నరేళ్ళని లెక్క వేసుకో. రెండో ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే కాగితం మీద పెట్టి బావగారికి చూపించు. "పార్ట్ టైం చేసుకుంటాను" అన్నది లెక్క కాదు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చని చట్టం. సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటితే ఇన్సూరెన్సు లెక్కలు మారిపోతాయి. పైగా మొదటి సెమిస్టరులో పని దొరుకుతుందని ఆశపెట్టుకోకు.

లోను తీసుకోవడం తప్పేమీ కాదు. ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చి ఖాతాలో చూపించి, తర్వాత తిరిగి ఇచ్చేసే పద్ధతి ఒకటి మనవాళ్ళలో ఉంది, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యా రుణంతో డబ్బు పంపితే టీసీఎస్ (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) కోయరు. కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా పన్ను మినహాయింపు ఉంటుంది, అయితే పాత పన్ను విధానంలో ఉంటేనే. చదువుతున్నంతకాలం కట్టక్కర్లేదన్న మాట నిజమే గానీ వడ్డీ మాత్రం రోజూ పడుతూనే ఉంటుంది. ఆ వడ్డీ వరకైనా బావగారు నెలనెలా కట్టగలరేమో చూడాలి. నెల్లూరు ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే ఆ కాగితాల మీద సంతకం చేసేరోజు నువ్వూ పక్కన కూర్చో. ఎంత అప్పో, ఏ వడ్డీకో నీ కళ్ళతో చదువు.

కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కదా, జర్మన్ ఎందుకు అంటావు. క్లాసు వరకు అక్కర్లేదు. ఇంటి ఓనరుకి, డాక్టరుకి, ముఖ్యంగా ఉద్యోగానికి కావాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. ఆ 18 నెలల్లో మొదలుపెట్టి జర్మన్ నేర్చుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. నుంగంబాకంలో రట్లండ్ గేట్ దగ్గర గోథె ఇన్‌స్టిట్యూట్ ఉంది, నీ హాస్టల్ నుంచి ఒక బస్సు. ఇక్కడే ఎ2 స్థాయి దాకా ముగించి వెళ్ళు, మొదటి ఏడాదిలో దాని పై స్థాయి బి1 పట్టు. ఐఈఎల్టీఎస్‌కి పెట్టే కంగారులో సగం దీనికి పెట్టినా చాలు.

ఇప్పుడు పరీక్షల సంగతి, కాస్త ఓపిగ్గా చదువు. నువ్వు ఇన్నేళ్ళూ ఇంటర్నల్స్, మోడల్ ఎగ్జామ్, రెండు మార్కుల ప్రశ్నలు, క్వశ్చన్ బ్యాంకుల మధ్య పెరిగావు. అటెండెన్స్ తగ్గితే మీ మేడమ్ ఇంటికి ఫోన్ చేస్తుంది. అక్కడ చాలా క్లాసులకి అటెండెన్సే లేదు. నువ్వు రాలేదని ప్రొఫెసరుకి తెలీదు, తెలిసినా అడగడు. సెమిస్టరు చివర ఒకే పరీక్ష, గంటన్నరో రెండు గంటలో, మొత్తం మార్కులు దాని మీదే. దానికి ఆన్‌లైన్‌లో వేరుగా పేరు ఇవ్వాలి. గడువు దాటితే పరీక్ష రాయనివ్వరు, బతిమాలినా లాభం లేదు. ఫెయిలైతే చాలాచోట్ల మొత్తం మూడు అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా పోతే ఆ కోర్సులోంచి పేరు తీసేస్తారు. అదే కోర్సుని ఇంకో జర్మన్ యూనివర్సిటీలో చదవడానికి కూడా సాధారణంగా వీలుండదు. మనకి అరియర్లు ఎన్ని మిగిలినా రాసుకుంటూ పోవచ్చుగా, అక్కడ ఆ ధీమా పనికిరాదు. అందుకని మొదటి సెమిస్టరులో ఆరు సబ్జెక్టులు మీదేసుకోకుండా నాలుగు తీసుకో. సిద్ధంగా లేవనిపిస్తే గడువులోగా పేరు వెనక్కి తీసుకో. అందులో చిన్నతనం లేదు.

పాత ప్రశ్నపత్రాలు ఫాఖ్‌షాఫ్ట్ అనే విద్యార్థి సంఘం దగ్గర దొరుకుతాయి. మొదటి నెలలోనే వెళ్ళి అడుగు. ప్రొఫెసరుకి సందేహం ఉంటే ఈమెయిల్ రాసి టైం తీసుకుని వెళ్ళు, నేరుగా, పాయింటుకి. "సర్ సర్" అని చుట్టూ తిరిగితే ఇబ్బంది పడతారు. ఇంకొకటి, సీనియర్ రికార్డు చూసి రాసేసినట్టు అక్కడ రిపోర్టులు రాయకు. కాపీ అని తేలితే ఆ పేపరు పోవడంతో ఆగదు.

గది గురించి. అడ్మిషన్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టళ్ళకి అప్లై చెయ్యి, వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. ఓనరు విదేశంలో ఉన్నానని, ముందు డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానని అంటే వదిలెయ్. అద్దె డిపాజిట్ మూడు నెలల మూల అద్దె కన్నా ఎక్కువ అడగకూడదని చట్టమే ఉంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి, దానికి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వనన్న గది ఎంత చవకైనా వద్దు. నమోదు అయ్యాక టీవీ చందా అంటూ నెలకి 18.36 యూరోలకి ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా కట్టాలి, ఇంటికి ఒకటే కాబట్టి రూమ్మేట్లతో పంచుకో. డ్రెస్డెన్, కెమ్నిట్జ్, ఇల్మెనావ్ లాంటి తూర్పు ఊళ్ళలో అద్దెలు మ్యూనిక్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆ తేడాతోనే నీ లోను తగ్గుతుంది.

తెలుగువాళ్ళతో ఉండకు, కలిసిపోవాలి అని చాలామంది చెబుతారు. నేను అలా చెప్పను. జ్వరం వచ్చినరోజు చారన్నం పెట్టేది వాళ్ళే. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడి దిగులు కమ్మేస్తుంది, అప్పుడు మన భాషలో మాట్లాడే మనిషి కావాలి. వండుకోవడానికి, పండగలకి వాళ్ళతో ఉండు. చదువుకోవడానికి, ప్రాజెక్టు గ్రూపుకి మాత్రం వేరేవాళ్ళతో కూర్చో. అన్నట్టు అమ్మ నెయ్యి డబ్బా సర్దబోతుంది, ఆపు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురానివ్వరు. అక్కడ వెన్న బ్రహ్మాండంగా ఉంటుంది, కాచుకో. గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న కుక్కరు తీసుకెళ్ళు.

ఈ వారం నీ పని ఇది. మూడు కోర్సుల మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లు చదివి, ఒక్కోదానిలో నీకు కష్టమయ్యే సబ్జెక్టు ఏదో, ఎందుకో నాకు రాసి పంపు. కన్సల్టెన్సీ వాళ్ళు ఏ యూనివర్సిటీల పేర్లు ఇచ్చారో ఆ లిస్టు కూడా ఫోటో తీసి పెట్టు. రెండో ఏడాది లెక్క వేసి పంపితే బావగారితో లోను సంగతి నేను మాట్లాడతాను.

పిన్ని