సినిమావాళ్లే పిల్లల కథలు రాస్తుంటే మావి ఎవరు చదువుతారక్కా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. సినిమా తారలు, యూట్యూబ్ వాళ్లు, వంటల షోల వాళ్లు పిల్లల పుస్తకాలు వేస్తున్నారు, ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లు మాత్రం పబ్లిషర్ నుంచి ఒక్క ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు. అందుకే ఈ సంచిక శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతాను. ఆరేళ్లుగా పిల్లల కథలు రాస్తున్నా. పదకొండు కథలు ఫెయిర్ చేసి ముగ్గురు పబ్లిషర్లకు పంపాను. ఒకరు "బాగున్నాయి, ఖర్చు మీరు పెట్టుకుంటే వేస్తాం" అన్నారు, మిగతా ఇద్దరి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మొన్న విజయవాడలో ఒక పుస్తకాల షాపుకి వెళ్తే ఆలియా భట్ పేరుతో వచ్చిన పిల్లల పుస్తకం ఎదురుగా పెట్టి ఉంది. మా పాప అదే కావాలని పేచీ పెడితే కొన్నాను. ఇంటికొచ్చి నా కథల ఫైలు బీరువా మీద పడేశాను. ఇది అసూయేనా? ఒక కథ పంపుతున్నాను, చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.
*— పేరు వద్దన్న టీచర్, తెనాలి*

జవాబు: అసూయ కాదమ్మా. ఆరేళ్లు లైన్లో నిలబడ్డాక ఎవరో పక్కనుంచి వచ్చి నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లిపోతే కడుపు మండుతుంది, మండటంలో తప్పేమీ లేదు. బ్రిటన్‌లో పేరున్న రచయితలు కూడా ఇదే బాధ బయటికే చెప్పుకున్నారు. 2024 అక్టోబరులో నటి కీరా నైట్లీ పిల్లల పుస్తకం రాబోతోందని ప్రకటించగానే అక్కడి బాలసాహిత్య రచయితలు చాలామంది మండిపడ్డారు. అక్కడ ఇది పాత కథే. 1989లో రాజకుటుంబం కోడలు సారా ఫెర్గూసన్ ఒక చిన్న హెలికాప్టర్ కథలు రాసింది, 2003లో పాప్ గాయని మడోనా, 2021లో మేఘన్ మార్కెల్. మన దేశంలో 2022లో సోహా అలీ ఖాన్, కునాల్ ఖేమూ దంపతులు, 2024 జూన్‌లో ఆలియా భట్.

పబ్లిషర్ లెక్క కూడా చూడండి. కొత్త రచయిత పుస్తకం వచ్చిందని పదిమందికీ తెలియాలంటే పబ్లిషర్ డబ్బు పెట్టాలి, అదే నటి పుస్తకమైతే ఆమె ఒక ఫోటో పెడితే చాలు, పేపర్లూ చానళ్లూ వాటంతటవే రాస్తాయి. ఆలియా సంగతిలో ఇంకొకటి కూడా ఉంది. 2020లో ఆమె ఎడ్-ఎ-మమ్మా పేరుతో పిల్లల బట్టల బ్రాండ్ మొదలుపెట్టింది, 2023లో రిలయన్స్ రిటైల్ అందులో 51 శాతం వాటా కొన్నది, ఆ మరుసటి ఏడాది అదే పేరుతో ఈ పుస్తకాల సిరీస్ మొదలైంది. ఒక పాప, ఒక కుక్కపిల్ల కథ. అందులో ఆమెతో పాటు వేరే రచయితలు, బొమ్మలు వేసిన కళాకారిణి పనిచేశారు, వాళ్ల పేర్లు దాచలేదు కూడా. ఆ పుస్తకం మీద నాకే కోపమూ లేదు.

ఎందుకంటే మీ చోటు లాక్కున్నది ఆ పుస్తకం కాదు. అది ఇంగ్లీషు అరలోది. "ఖర్చు మీరు పెట్టుకోండి" అన్న మాట తెలుగు అరలోది, అది ఆలియా పుట్టకముందు నుంచీ ఉన్న జబ్బు. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు నడిచిన రోజుల్లో ఊరూపేరూ తెలియని టీచరు, పోస్టాఫీసు గుమాస్తా ఒక కవరులో కథ పెట్టి పంపితే, బాగుంటే వేసేవాళ్లు, ఎంతో కొంత డబ్బు కూడా వచ్చేది. అవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. మీకు జరిగిన అసలు నష్టం అక్కడుంది, ఏడిస్తే దాని గురించి ఏడవాలి, నేనూ ఏడ్చాను.

అయితే ఈ పెద్దపేర్ల వాళ్ల విషయంలో నన్ను నిజంగా గుచ్చేది ఒకటుంది. మడోనా తన పుస్తకం తెచ్చినప్పుడు, తన బిడ్డకు చదివి వినిపిద్దామంటే పిల్లల పుస్తకాలన్నీ ఖాళీగా ఉన్నాయని, వాటిలో నీతి పాఠాలే లేవని అంది. ఎంతోమంది జీవితమంతా పెట్టి చేసిన పనిని ఒక్క మాటతో తీసేయడం కదా అది! పిల్లల కథంటే ఏముంది, నాలుగు చిన్న మాటలు, ఒక నీతి, ఎవరైనా రాసేయొచ్చు అనే నమ్మకమే దాని వెనక ఉన్నది. ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా ఉండే మాట చెబుతాను. ఆ నమ్మకం మీ కథలోనూ కనిపించింది.

మీరు పంపిన కథ "అనగనగా ఒక ఊరిలో సోము అనే మంచి బాలుడు ఉండేవాడు. అతడు పెద్దల మాట వినేవాడు, ఎన్నడూ అబద్ధమాడేవాడు కాదు" అని మొదలైంది. మా పక్కింటి ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి పైకి చదివాను. మొదటి పేజీ అయ్యేసరికి చిన్నవాడు చాప అంచు పీకుతున్నాడు. రెండో పేజీకి పెద్దది లేచి నీళ్లు తాగి వచ్చింది. మూడో పేజీలో, బడి దగ్గర వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క తెల్లారేసరికి మాయమైంది అని రాశారే, అక్కడ చిన్నవాడు చాప వదిలేసి "మరి అన్నం గంట ఎలా కొడతారు?" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. మీ కథ మొదలయ్యేది అక్కడమ్మా! మీకు రోజూ ఆ బడీ, ఆ గంటా, ఆకలేసి గంట వైపు చూసే ఆ మొహాలూ కనిపిస్తున్నాయి కాబట్టే ఆ పేజీ అలా వచ్చింది. ముంబైలో కూర్చున్న ఏ నటికీ, ఆమె పక్కన పెట్టుకున్న ఏ రచయితకూ ఆ రైలు పట్టా ముక్క తట్టదు.

మొదటి రెండు పేజీలు కొట్టేయండి. "బడి గంట పోయింది" అని మొదలుపెట్టండి. సోము మంచివాడని మీరు చెప్పక్కర్లేదు, గంట వెతకడానికి వాడేం చేశాడో చూసి పిల్లలే తేల్చుకుంటారు. చివర "కాబట్టి పిల్లలూ" అని మొదలయ్యే పేరా కూడా తీసేయండి, ఆ పేరా దగ్గర ముగ్గురూ ఒకేసారి లేచి వెళ్లిపోయారు. తిరగరాసి సికింద్రాబాద్‌లో పిల్లల పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' అనే సంస్థ వాళ్లకు పంపండి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌ వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది, అందులో తెలుగు కథ మీరే పెట్టొచ్చు, కాకపోతే అక్కడ పెట్టింది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, ఆ సంగతి తెలిసే పెట్టండి. పదకొండూ ఒకేచోట గుమ్మరించొద్దు. సొంత ఖర్చుతో మాత్రం ఇప్పుడే వేయొద్దు, ఆ డబ్బుతో మీ పాపకు ఇంకో పది పుస్తకాలు కొనండి. ముందు ఆ ఫైలు బీరువా మీంచి దింపండి.

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉంటాను. లక్షల మంది ఫాలోవర్లు ఉన్న ఒకాయన కోసం పిల్లల కథలు పదిహేను రాసివ్వమని అడుగుతున్నారు. పుస్తకం మీద ఆయన పేరే ఉంటుందట. డబ్బులు బాగానే ఇస్తామంటున్నారు. అద్దె కట్టాలి, కానీ రాయాలంటే చెయ్యి ఆడట్లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
*— ఒక తమ్ముడు, హైదరాబాద్*

జవాబు: తమ్ముడూ, అద్దె కట్టడానికి రాయడం నామోషీ కాదు. ముందు ఆ బరువు దించుకో.

ఇలాంటివి బయటపడిన సందర్భాలున్నాయి. 2014లో బ్రిటన్‌లో జోయీ సగ్ అనే యూట్యూబర్ పేరుతో వచ్చిన టీనేజ్ నవల మొదటి వారంలోనే 78 వేల కాపీలు అమ్ముడైంది, ఆ తర్వాత అది ఆమె ఒంటరిగా రాసింది కాదని పబ్లిషర్ పెంగ్విన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. నవల కొన్న పిల్లలు అందులో తమ అభిమాన అక్క మాటే విన్నామనుకున్నారు. నీకు చెయ్యి ఆడకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది, మోసంలో భాగమవుతున్నానేమో అన్న శంక.

మన దగ్గర దీనికి తిరగేసిన కథ ఒకటి ఉంది, అది తల్చుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. చందమామలో తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ సీరియళ్లు చదివి పెరిగిన తరాలున్నాయి కదా, అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1950ల నుంచి ఎన్నో ఏళ్లు రాశారు. ఆ పేజీల్లో ఆయన పేరు ఉండేది కాదు. మా నాన్న తోకచుక్క కథ మొత్తం నోటికి చెప్పేవాడు, రాసిందెవరని అడిగితే "చందమామ వాళ్లు" అనేవాడు. ఇప్పుడు నీ దగ్గరికొచ్చిన పనిలో పేరుంది, రాసిన చెయ్యి కనబడదు. అప్పుడు చెయ్యి ఉంది, పేరు లేదు. పత్రిక పద్ధతి అది, ఎవరి పేరో పెట్టి ఆయన్ని దాచలేదు, నిజమే, అయినా అది న్యాయమని నేననను. బాగా రాస్తే చాలు, పేరెందుకులే అని ఎవరైనా నీకు నచ్చజెబితే నమ్మొద్దు.

ఇక కాగితం సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. 57వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇచ్చేశాక కూడా ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. అందుకే ఒప్పందంలో "ఎక్కడా చెప్పుకోకూడదు" అనే మాట పెట్టారేమో కళ్లు పెద్దవి చేసుకుని చూడు, పెడితే లాయరుకు చూపించకుండా సంతకం చేయకు. పేరు లోపలి పేజీలో అయినా వేయమని అడుగు. వేరే దేశాల్లో "ఫలానావారితో కలిసి" అని అట్ట మీదే వేస్తున్నారు, ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫోర్డ్ 2021లో పిల్లల కోసం తెచ్చిన పుస్తకం మీద కార్ల్ అంకా పేరు కూడా ఉంది, దానివల్ల రాష్‌ఫోర్డ్ గౌరవమేమీ తగ్గలేదు. కుదరదంటే సగం డబ్బు ముందు తీసుకో. పదిహేనూ ఒప్పుకోకు, అయిదు చాలు. నీకు బాగా ఇష్టమైన కథ మాత్రం వాళ్లకి ఇవ్వొద్దు. అది నీ దగ్గరే ఉంచుకో.

ప్రశ్న: మా కథలో కామా తప్పున్నా తిప్పి పంపుతారు. సెలబ్రిటీల పుస్తకాలను ఎవరైనా సరిగ్గా చూస్తారా?
*— ఒక పాఠకుడు, వరంగల్*

జవాబు: చూడాలి, ఒక్కోసారి చూడరు. బ్రిటన్ వంటల నిపుణుడు జేమీ ఆలివర్ 2024లో పిల్లల నవల ఒకటి తెచ్చాడు. అందులో ఆస్ట్రేలియా ఆదివాసీ పాప పాత్ర ఉంది. ఆమెను చూపించిన తీరు తమను కించపరిచేలా ఉందని అక్కడి ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ఆ సముదాయం వాళ్లను ఎవరినీ సంప్రదించలేదని తేలింది. పబ్లిషర్ తప్పు ఒప్పుకుంది, ఆయన క్షమాపణ చెప్పాడు, నవంబరులో పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. మీ కథని తిప్పి పంపిన ఎడిటరు దాన్ని చదివే పంపి ఉంటే, అది మీకు జరిగిన మేలే. అయితే ఎందుకు నచ్చలేదో ఒక్క వాక్యమైనా రాయకుండా పంపడం మాత్రం నాకు నచ్చదు, ఈ ఉత్తరం చదువుతున్న ఎడిటర్లకి అది నా మనవి.

ప్రశ్న: ముందు రీల్స్ చేసి ఫేమస్ అయ్యి, తర్వాత పుస్తకం వేస్తే సులువు కదా మేడమ్?
*— కాలేజీ విద్యార్థిని, కర్నూలు*

జవాబు: అమ్ముకోవడం సులువే, అబద్ధం చెప్పను. హ్యారీ పాటర్ కథలు రాసిన జె.కె. రౌలింగ్ 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే మారుపేరుతో పెద్దల డిటెక్టివ్ నవల వేస్తే మూడు నెలల్లో సుమారు 1,500 కాపీలు పోయాయి. రాసింది ఆమేనని తెలిసిన రోజు నుంచి బెస్ట్ సెల్లర్. అక్షరం మారలేదు, పేరు మారింది. కానీ ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చింది? 1997లో ఆమె మొదటి పిల్లల పుస్తకం హార్డ్ కవర్ 500 కాపీలే వేశారు.

నీకు కథ చెప్పడం ఇష్టమైతే రీల్స్‌లో కథలే చెప్పు. మన రేడియో అన్నయ్య, అక్కయ్యలు, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు, మద్రాసు రేడియోలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆటలూ పాటలూ కథలూ నడిపారు, 1945లో బాల పత్రిక పెట్టారు. వాళ్లకు పేరు పిల్లల వల్లే వచ్చింది. డాన్సు రీల్స్‌తో పేరొస్తే మాత్రం, కథ రాసే టైం నీకు ఎప్పుడు దొరుకుతుందో నాకు తెలియట్లేదమ్మా.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. ఆరేళ్ల మనవడికి ఎవరో నటి రాసిన పుస్తకం బహుమతిగా వచ్చింది. చదవనా, పక్కన పెట్టనా?
*— ఒక నాయనమ్మ*

జవాబు: చదవండి నాయనమ్మ గారూ. నటులు రాసినవన్నీ తీసిపారేసేవి కావు. జూలీ ఆండ్రూస్ 1971లో మొదటి పిల్లల నవల వేసినప్పుడు తెర పేరు వాడలేదు, పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరుతో వేసుకుంది, ఆ తర్వాత దశాబ్దాల పాటు రాస్తూనే ఉంది. మీ వాడికి ఆ నటి ఎవరో తెలియదు, బొమ్మ బాగుంటే చూస్తాడు, లేకపోతే మీ ఒళ్లోంచి జారిపోతాడు. దానితో పాటు తెలుగు పుస్తకం కూడా ఒకటి పక్కన పెట్టండి. అమెరికాలోని తెలుగు సంఘం తానా వాళ్లు, పైన చెప్పిన 'మంచి పుస్తకం' సంస్థతో కలిసి వేసిన బొమ్మల పుస్తకాలు ఉన్నాయి, అక్కడి తెలుగువాళ్లని అడిగితే దొరుకుతాయి. రెండూ చదివాక "మళ్లీ చదువు నాయనమ్మా" అని ఏ పేజీ దగ్గర అన్నాడో గుర్తుపెట్టుకుని నాకు రాయండి, వచ్చే నెల వేస్తాను.