ఇద్దరు పాడే గీక్ కామెడీ పాటలకు జనం నవ్వాలంటే ఏం చేయాలి?

తిరుపతి కాలేజీ ఫెస్ట్‌లో ఒక గిటారుతో ఇద్దరు కోడింగ్, గేమ్‌ల మీద పాడితే (అమెరికా కామెడీ గాయకుల జోడీ పాల్ అండ్ స్టార్మ్ తరహాలో) జనం ఎందుకు నవ్వట్లేదన్నది ప్రశ్న. చాలాసార్లు జోకు బాగానే ఉంటుంది, మాటే వినపడదు.

నవ్వించే మాట పాదం చివరే రావాలి. ఆ తర్వాత నాలుగు బీట్లు గిటారు ఒక్కటే మోగాలి, లేదంటే తర్వాతి పాదం నవ్వుల్లో కొట్టుకుపోతుంది. టెంపో (పాట వేగం) నిమిషానికి 90–100 బీట్లు చాలు. ఒత్తులున్న మాటలు 130 దాటితే నలిగిపోతాయి. పల్లవి మాత్రమే కలిసి పాడండి. చరణం ఒకరిది, మధ్యలో "ఏందబ్బా ఇది!" అని అందుకోవడం రెండోవారిది.

మైకు నోటికి రెండు వేళ్ల దూరంలో ఉండాలి. జాలీని గుప్పిట్లో మూస్తే మానిటర్ (స్టేజీ మీద పాడేవాళ్లకు వినిపించే స్పీకర్) శబ్దం కూడా అందులోకి పోయి కుయ్యిమంటుంది. పికప్ (తీగల మోతను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిటారును పొడవాటి కేబుల్‌తో నేరుగా మిక్సర్‌కి కలపొద్దు, హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టించండి.

మొదటి పాటే "సెగ్మెంటేషన్ ఫాల్ట్" (ప్రోగ్రామ్ ఆగిపోయేలా చేసే ఒక కోడింగ్ ఎర్రర్) మీద వద్దు, అది సీఎస్‌ఈ వాళ్లకే తెలుసు. దర్శనం టికెట్ల ఆన్‌లైన్ క్యూ, ఆలస్యంగా వచ్చే ఓటీపీ ఇక్కడ అందరికీ తెలిసినవే. వాటితో మొదలుపెట్టి, కోడింగ్ పాట రెండోదిగా పెట్టుకోండి.