ధిక్కార శిక్ష: ఎవరు ఎవరిని ధిక్కరించినట్టు?

సందేహం: హన్మకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు వద్ద గుమస్తాగా పనిచేస్తున్నాను. ‘వాయిదాకు రాని న్యాయవాదికి ధిక్కార శిక్ష’ వంటి శీర్షికలు పేపర్లో చూస్తున్నాను. రాకపోవడం ధిక్కారం ఎట్లా అవుతుంది? ధిక్కారం అనాలా, ధిక్కరణ అనాలా? వాయిదా అంటే తర్వాతికి జరపడం కదా, జరిపినదానికి రాకపోవడమేమిటి?

సమాధానం: మూడు ప్రశ్నలు ఒకే ఉత్తరంలో ఇమిడ్చారు, గుమస్తాగారూ! మీరు అడగని నాలుగోది వాటికంటే రుచిగా ఉంది. ‘ధిక్కార శిక్ష’ అన్న ఆ సమాసం సంగతి చూడండి. ‘ధిక్కారానికి శిక్ష’ అని విప్పితే పేపరువాళ్ల అర్థం వస్తుంది. ‘ధిక్కారమే శిక్ష’ అని విప్పితే మనుస్మృతి అర్థం వస్తుంది. నవ్వులాటకు అనడం లేదు. ఎనిమిదో అధ్యాయంలో రాజు వేయవలసిన దండాల వరుస ఉంది: ముందు వాగ్దండం, తర్వాత ధిగ్దండం, మూడోది ధనదండం, ఆపైన వధదండం. యాజ్ఞవల్క్యుడూ ఈ నాలుగింటినీ చెప్పాడు. వాగ్దండమంటే ‘నువ్వు చేసింది బాగాలేదయ్యా’ అని మెత్తగా మందలించడం. ధిగ్దండం ఒక మెట్టు పైది, ‘ఛీ, నీదీ ఒక బతుకేనా’ అని గట్టిగా ఈసడించడం. అంటే ‘ధిక్’ అన్నది ఒకప్పుడు న్యాయపీఠం నోట వచ్చి తప్పు చేసినవాడి మీద పడే మాట. ఇవాళ అదే మాట తిరగబడి, న్యాయపీఠం పట్ల చేసే తప్పుకు పేరై కూర్చుంది.

ధిక్ అవ్యయం. మన ‘ఛీ’కి సంస్కృతంలో జోడీ. రామాయణంలో వసిష్ఠుడి బ్రహ్మదండం ముందు తన అస్త్రాలన్నీ వృథా అయ్యాక విశ్వామిత్రుడు ‘ధిగ్బలం క్షత్రియబలం’ అన్నాడు. అంత తపస్సు చేసి సంపాదించుకున్న బలాన్ని తానే ఛీకొట్టుకున్నాడన్నమాట. హుం అనడం హుంకారం, ధిక్ అనడం ధిక్కారం. నోరు విప్పనిదే ధిక్కారం లేదు. (ప్రబంధాల్లో నాయిక ముఖం చంద్రుణ్ణి ధిక్కరిస్తుంది, అక్కడ మించిపోవడమని అర్థం. ఆ గొడవ మనకెందుకు.) కనుక కోర్టు మెట్టే ఎక్కకుండా ఇంట్లో ఉండిపోయిన వకీలు ఎవరిని ధిక్ అన్నట్టు? మీ అనుమానం సబబే.

అయితే చట్టం తన మాటలకు అర్థాలు తానే చెప్పుకుంటుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలో సివిల్, క్రిమినల్ అని రెండు రకాలున్నాయి. కోర్టు ఉత్తర్వును కావాలని పాటించకపోవడం, కోర్టుకు ఇచ్చిన హామీని కావాలని తప్పడం సివిల్ కిందికి వస్తాయి. నోరు విప్పే పనే లేదు. శిక్ష 6 నెలల దాకా సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెప్పిన క్షమాపణ కోర్టుకు తృప్తిగా అనిపిస్తే వదిలేయనూవచ్చు. ఇందులో ‘కావాలని’ అన్నదే ప్రాణం. జ్వరమొచ్చి రాలేకపోయిన వకీలుకూ, రమ్మని ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చినా లెక్కచేయని వకీలుకూ తేడా అక్కడే ఉంది. శీర్షిక రాసేవాళ్లకు ఆ ఒక్క మాటే బరువైపోతుంది, తీసి పారేస్తారు.

మామూలుగా వకీలు రాకపోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. దావా డిఫాల్ట్ కింద, అంటే హాజరు కాలేదని, కొట్టేస్తారు, లేదంటే కేసు ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే రాని పక్షం లేకుండానే నడుస్తుంది. ఖర్చులు కట్టమనవచ్చు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సమ్మె చేసే హక్కు న్యాయవాదులకు లేదని, వకాలత్ పుచ్చుకున్నవాళ్లు సమ్మె పిలుపు పేరు చెప్పి కోర్టుకు రాననకూడదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ముందు జడ్జిగారి చివాట్లు, తర్వాత ఖర్చులు. పాత వరుస పూర్తిగా చెరిగిపోలేదు.

నా మటుకు నాకు ఉత్తర్వును దాటినచోట ‘ఉల్లంఘన’ చాలు. ధిక్కారం మా ఓరుగల్లువైపు గౌరవమైన మాట. కాళోజీని ధిక్కార స్వరమంటాం. ఆయనా లా చదివినవారే, నిజాం జైలూ చూసినవారే. అలాంటి మాటను తారీఖు మరిచిపోయిన వకీలుకు తగిలిస్తే ప్రాణం చివుక్కుమంటుంది. దానికి తోడు వత్తు ఎగరగొట్టి ‘దిక్కారం’ అని అచ్చువేస్తున్నారు. దిక్కుకూ దీనికీ ఏం సంబంధం?

ధిక్కారం, ధిక్కరణ రెండూ సాధువులే. చట్టం పేరులో మొదటిది, ఆ పని చెప్పేటప్పుడు రెండోది నా చెవికి ఇంపు. ఇది నియమం కాదు, అలవాటు.

ఇక వాయిదా. అరబ్బీలో మాట ఇవ్వడం, ఉర్దూలో వాదా. ఫలానా రోజు వస్తానన్న మాట కాస్తా ఆ రోజుకే పేరైంది, ‘వాయిదాకు పోవడం’ అక్కడిదే. ఆ రోజును ముందుకు నెడుతూ పోగా నెట్టడమే అర్థమై కూర్చుంది. అప్పు కిస్తీ మూడో అర్థం. కాబట్టి శీర్షికలో వాయిదా తప్పు కాదు. మన పెద్దలు మాత్రం ‘పేషీ’ అనేవాళ్లు. పేష్ అంటే ఎదుట. కోర్టు ఎదుటికి రావడమే పేషీ గనుక అందులో నెట్టడానికి చోటు లేదు. ఇప్పుడది మంత్రిగారి ఆఫీసు పేరుగానే వార్తల్లో మిగిలింది.

ఆ శీర్షికను నన్ను రాయమంటే ‘ఉత్తర్వు ఉన్నా పేషీకి రాని వకీలుకు శిక్ష’ అంటాను. కోస్తా పాఠకులకు పేషీ అర్థం కాదని సబ్ ఎడిటర్ దిద్దితే ‘విచారణ’ పెట్టుకోనివ్వండి, దానికి నాకు అభ్యంతరం లేదు.