మూడు మెట్ల దగ్గర ఆగిపోయిన అత్తగారు

(ఇళ్ళ గురించి పాఠకుల ప్రశ్నలకు బెంగళూరులో స్థిరపడిన ఒక రిటైర్డ్ సివిల్ ఇంజనీరు జవాబులు)

ప్రశ్న: మాది బెంగళూరు కె.ఆర్. పురం దగ్గర అపార్ట్‌మెంటు. మావయ్యగారు పోయాక అత్తగారిని మార్కాపురం నుంచి తీసుకొచ్చాం. ఆవిడకి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. అక్కడ గుడికీ కూరగాయలకీ రోజూ తనే వెళ్ళేవారు. ఇక్కడ లిఫ్టు ఉంది గానీ, లిఫ్టు దిగాక బయటికి రావాలంటే మూడు మెట్లున్నాయి. పట్టుకోడానికి ఏమీ లేదు. రెండు నెలలుగా ఆవిడ గడప దాటలేదు. రైలింగు పెట్టించమని అసోసియేషన్‌లో అడిగితే, "పక్కన ర్యాంపు ఉందిగా! ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ కోసం అందరి మెయింటెనెన్స్ డబ్బు ఎలా ఖర్చు పెడతాం?" అన్నారు. అత్తగారేమో "నాకు బయటికి వెళ్ళాలని లేదులే అమ్మా" అంటున్నారు. ఏం చేయమంటారు సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అత్తగారి ఆ ఆఖరి మాట నమ్మకండి. నేను నమ్మాను. 1996లో మా నాన్నని మదనపల్లె నుంచి ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు మేం మొదటి అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆయన పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రోడ్డు చూడటం ఇష్టమేమో అనుకున్నాను. ఆయన పోయాక కింది ఇంటావిడ చెప్పింది. నేను ఆఫీసుకి వెళ్ళాక నాన్న చెప్పులేసుకుని మెట్ల దాకా వచ్చి, కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవారట. ఆ మెట్లకి రెండు పక్కలా గోడలే, చేత్తో పట్టుకోడానికి కమ్మీ లేదు. అప్పటికి పన్నెండేళ్ళుగా మెట్లు కట్టిస్తున్నవాణ్ణి. మా ఇంటి మెట్లు నాకు కనబడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ర్యాంపు ఉందన్నారు కదా, టేపు తీసుకెళ్ళి కొలవండి. మెట్టు ఆరంగుళాలు అనుకుంటే మూడు మెట్లకి 18 అంగుళాల ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి, అంటే 18 అడుగుల ర్యాంపు. మీ బ్లాకులో ఉన్నది ఐదారు అడుగులు దాటదని నా అనుమానం. అలాంటివి చెత్త బళ్ళూ స్కూటర్లూ ఎక్కించడానికి వేస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి దాని మీద దిగితే ఒళ్ళు ముందుకి తోసేస్తుంది. అంత పొడుగు చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పొచ్చు. మలుపులో చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదరం వదిలితే చాలు.

కానీ మీ అత్తగారికి ముందు కావలసింది మీరడిగిన రైలింగే కావచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి ఏటవాలు కంటే పట్టు ఉన్న మెట్టే నయం. ఆవిడనే అడగండి. రైలింగు రెండు వైపులా ఉండాలి, ఎందుకంటే ఎక్కేటప్పుడు కుడిచేతికి అందేది దిగేటప్పుడు ఎడమచేతి వైపుకి వస్తుంది. గుప్పిట్లో పట్టేంత గుండ్రటి పైపు వేయించండి. వెడల్పు పట్టీ మీద చెయ్యి ఆనుతుంది గానీ పట్టు దొరకదు. ఆఖరి మెట్టు అయ్యాక కూడా పైపు ఇంకో అడుగు ముందుకి సాగాలి, మెట్లు అయిపోయాయో లేదో తెలియక తడబడేది అక్కడే. మెట్టు అంచులకి పసుపు పట్టీ వేయించండి. మెరిసే గ్రానైట్ మీద ఒక మెట్టు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో శుక్లాలున్న కంటికి తెలియదు. వానాకాలం ఆ నునుపు ఎవరికైనా ప్రమాదమే. ఎప్పుడైనా రాయి మారిస్తే ఫ్లేమ్డ్ గ్రానైట్ (మంటతో కాల్చి పైభాగం గరుకు చేసిన రాయి) వేయించండి, అంత తేలిగ్గా జారదు.

ఇక "ఇద్దరు ముగ్గురి కోసం" అన్న మాట. వాదించకండి. ఒక ఆదివారం సాయంత్రం ఆ మెట్ల దగ్గర రెండు గంటలు కూర్చుని, ఎవరెలా ఎక్కుతున్నారో రాసుకోండి. కడుపుతో ఉన్నావిడ, చంకలో బిడ్డా చేతిలో సంచీ ఉన్న తల్లి, నీళ్ళ క్యాన్లు మోసే కుర్రాడు, కాలికి కట్టు కట్టుకున్న కాలేజీ పిల్లాడు. ఆ కాగితంతో జనరల్ బాడీకి వెళ్ళండి, రైలింగు విషయం అజెండాలో చేర్చమని ముందే రాసివ్వండి. మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. కుర్చీ వేయించి, ఆవిడ చేతే తెలుగులోనే చెప్పించండి. మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తెలుగు అర్థమయ్యేవాళ్ళు తక్కువేం కాదు. వెల్డరు ఒక్క రోజులో చేసే పని ఇది.

అన్నట్టు, ఆవిడ ఆధార్‌లో అడ్రస్ బెంగళూరుకి మార్పించండి. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటక అడ్రస్ ఉన్న ఆడవాళ్ళకి ఆర్డినరీ బస్సులు ఉచితం. కిందికి దిగడం మొదలుపెడితే గుడి దాకా ఎవరినీ అడగకుండా వెళ్తారు.

ప్రశ్న: మా నాన్నకి 78 ఏళ్ళు, స్మార్ట్‌ఫోన్ వాడరు. మేం ఆఫీసులో ఉండగా ఆయన స్నేహితులు వస్తే, గేటు యాప్‌లో ఎవరూ ఓకే నొక్కలేదని సెక్యూరిటీవాళ్ళు వెనక్కి పంపేస్తున్నారు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: యాప్ ఉందని ఇంటర్‌కమ్ తీసేయాల్సిన పని లేదు. మీ ఫ్లాటుకి ముందు ఇంటర్‌కమ్‌లోనే అడగాలని అసోసియేషన్‌కి రాసివ్వండి. ఇలాంటి యాపుల్లో తరచూ వచ్చేవాళ్ళ పేర్లు ముందే చేర్చిపెట్టుకునే వీలు మామూలుగా ఉంటుంది. అదే జాబితా కాగితం మీద రాసి గేటు దగ్గర కూడా ఇవ్వండి. ఆ పేర్లు మీరు రాయకుండా నాన్నగారి చేతే రాయించండి. మీకు తెలియని పేర్లు ఒకటో రెండో ఉండొచ్చు.